పాత పికప్‌కు కొత్త వెనక ఇరుసు

1953–56 నాటి ఫోర్డ్ ఎఫ్-100 పికప్‌కు అమెరికా మెకానిక్కులు ఇష్టపడి ఎక్కించే ఇరుసు ఫోర్డ్‌దే, 1957లో వచ్చిన 9 అంగుళాల రకం. ఆ కొలత లోపలి పెద్ద పళ్లచక్రం వ్యాసానిది. గేర్ల భాగమంతా ముందువైపు నుంచి ఒకే ముద్దగా ఊడివస్తుంది కనుక బల్లమీద పెట్టి తీరిగ్గా అమర్చుకోవచ్చు, గొప్ప సౌకర్యం.

పాతది దించడం కండబలంతో అయ్యే పని. ఫ్రేమును స్టాండ్ల మీద నిలిపి, ప్రొపెల్లర్ షాఫ్టు, బ్రేకు గొట్టం విప్పి, తుప్పుపట్టిన యూ బోల్టులు కోసేస్తారు. వాటిని మళ్లీ వాడరు.

అసలు నేర్పు ఎక్కించడంలో ఉంది. కమాన్‌కట్టల మీద ఇరుసును కూర్చోబెట్టే దిమ్మెలను ముందు చుక్కలు చుక్కలుగా మాత్రమే వెల్డింగ్‌తో అంటిస్తారు. బండి బరువంతా కమాన్ల మీద పడనిచ్చి, ఇరుసులోని చిన్న పళ్లచక్రమైన పినియన్ వాలును గేర్‌బాక్స్ షాఫ్టు వాలుతో సరిచూస్తారు. అది కుదరకపోతే వేగం పెరిగేకొద్దీ బండి వణుకుతుంది. తర్వాతే పూర్తి వెల్డింగ్, అదీ కొంచెం కొంచెంగా, చల్లారనిస్తూ. ఒక్క ఊపున కాలిస్తే ఇరుసు గొట్టం వంగుతుంది. తొందరపడని ఆ చేతిని చూస్తే గౌరవం కలుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేయించి, గేర్ ఆయిల్ పోసి, బ్రేకుల్లో గాలి తీస్తే బండి రోడ్డెక్కుతుంది.