ఫిడేలు పాఠంలోని పనితనం

అనకాపల్లిలో రైలెక్కి విశాఖ దాటి వెళ్తే విజయనగరం వస్తుంది. అక్కడ 1919లో విజయరామ గజపతిరాజు నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వేంకటస్వామి నాయుడు ఫిడేలు వాదనం విని, ఆయన్ని ఆచార్యుడిగానే తీసుకున్నారని చెబుతారు. 1936లో ఆయనే ప్రధానాచార్యులయ్యారు. జనం ఆయన్ని ‘ఫిడేలు నాయుడుగారు’ అని పిలుచుకున్నారు. నిడుపైన కమాను, నిండైన నాదం ఆయన ముద్ర. అలాంటి నాదం పాఠంలో ఎలా తయారవుతుందో దగ్గరనుంచి చూడవలసిందే.

మొదట కూర్చోవడం. మఠం వేసుకుని, ఫిడేలు తలను కుడి చీలమండ మీద ఆనించి, రెండో కొసను ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య నిలుపుతారు. వాయిద్యం బరువు పాదం మోస్తుంది కాబట్టి ఎడమ చేతికి మోసే పని తప్పుతుంది. తీగ పొడుగునా జారడానికి వేళ్లకు స్వేచ్ఛ వస్తుంది. స్వరాన్ని ఊపి, జార్చి పలికించే మన గమకాల్లో చాలావాటికి ఆ జారుడే ఆధారం. నాలుగు తీగలనూ స, ప, స, పలకు శ్రుతి చేస్తారు.

తర్వాత కమాను. పట్టుకున్న చోట అది బరువు, కొసన తేలిక. అందుకే మొదట్లో చిటికెన వేలు కర్ర బరువును ఆపుకోవాలి; కొస దగ్గరపడే కొద్దీ చూపుడువేలు కొంచెం కొంచెంగా ఒత్తిడి పెంచాలి. ఈ రెండు వేళ్ల ఒప్పందం కుదిరితేనే స్వరం మొదలు నుంచి చివరిదాకా ఒకే లావున వస్తుంది. కమాను తీగకు అడ్డంగా, బ్రిడ్జికి సమాంతరంగా సాగాలి. పక్కకు జారితే నాదం గీరుకుంటుంది.

మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు వాయిస్తున్న పిల్లవాడి స్వరం కొసన సన్నబడిందనుకోండి. మంచి గురువు “మళ్లీ” అని ఊరుకోరు. “చూపుడువేలు నిద్రపోతోంది నాయనా” అంటారు. లోపం వినబడేది చెవికి, ఉన్నది వేలిలో. ఆ రెంటినీ కలిపి చూపడమే గురువు నేర్పు.

ఆ తర్వాత, ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పలికించే జంట వరుసల్లో రెండో స్వరానికి ఊనిక వస్తుంది. వర్ణంలో గమకాలు కుదురుతాయి. కృతికి వచ్చాక గురువు పాడతారు, శిష్యుడు వాయిస్తాడు. కమాను తిప్పే చోటు సాహిత్యమే చెబుతుంది. పదం నడుమ తిప్పితే మాట విరుగుతుంది. పాట తెలియని చేతికి ఫిడేలు పలకదన్న సంగతి ఇక్కడే బోధపడుతుంది.

తన పాఠమే కాదు, పక్కవాడి పాఠం వినడమూ చదువే. 19వ శతాబ్దంలో జర్మనీలోని వైమార్‌లో పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ ఒకరి చేత పియానో వాయింపించి దిద్దుతుంటే తక్కిన శిష్యులు వినేవారు. ఇప్పటి మాస్టర్ క్లాసులదీ ఆ పద్ధతే. మన గురువుల ఇళ్లలోనూ ఇలాంటి వినికిడి చదువు ఎప్పటినుంచో ఉంది. పక్కవాడి తప్పు దిద్దుబాటవుతుంటే చూసినవాడు తన వేళ్లను తానే సరిచూసుకుంటాడు.

ద్వారం వారి రికార్డులు ఇప్పటికీ వినడానికి దొరుకుతున్నాయి. పిల్లలకు ఫిడేలు నేర్పించే తల్లిదండ్రులు వాటిని ఇంట్లో వినిపించాలి. పాఠం రోజున తమ వంతు అయిపోగానే పిల్లల్ని తీసుకుపోకుండా, తర్వాతివాళ్ల పాఠం కూడా విననివ్వాలి.