అవధాన విద్య – ఏకాగ్రత, ధారణ : మనోవైజ్ఞానిక పరిశీలన

ఉపోద్ఘాతం

మనసు ఒక విషయంపై నిలవడాన్ని తెలుగు మనోవిజ్ఞాన పరిభాషలో ‘అవధానం’ అంటారు. పృచ్ఛకుల నడుమ సాగే పద్యవిద్యకూ అదే పేరు. పెద్దమందడి మండలం నేడు చేరివున్న వనపర్తి జిల్లా, దాని సమీపంలోని గద్వాల ప్రాంతం ఒకప్పటి సంస్థానాల నేల. వనపర్తి, గద్వాల, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు పండితకవులను ఆదరించాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న ఖ్యాతి దక్కింది. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానాలను దర్శించారు. ఇటువంటి ఆస్థానాల్లో మన్ననలందిన అవధానాన్ని దైవదత్త ప్రతిభ అని కొందరు కొనియాడితే, కేవలం జ్ఞాపకశక్తి ప్రదర్శన అని మరికొందరు తోసిపుచ్చారు. అవధాన పద్యం మనసులో ఎలా రూపొంది ఎలా నిలుస్తుందో పరిశీలిస్తే ఈ రెండు అభిప్రాయాలూ అసమగ్రమని తేలుతుంది.

ఏకకాలమా, క్రమమా?

అవధాని ఎనిమిది పనులు ఒకేసారి చేస్తాడన్నది వాడుక మాట. న్యాయదర్శనం దీనిని అంగీకరించదు. మనసు అణుపరిమాణం కలది కనుక ఒకే క్షణంలో రెండు జ్ఞానాలు కలగవని నైయాయికుల సిద్ధాంతం. తామర రేకుల దొంతరలో సూది దిగినప్పుడు రేకులన్నీ ఒక్కసారే తెగినట్లు తోచినా, నిజానికి అవి ఒకదాని తరువాత ఒకటి తెగుతాయి. అవధానమూ అటువంటిదే. అవధాని ఒక పృచ్ఛకునికి ఒక పాదం చెప్పి, దానిని అక్కడే నిలిపి, తరువాతి పృచ్ఛకుని వైపు మళ్లుతాడు. అతని నేర్పు విడిచిన చోటికి తప్పక తిరిగి రావడంలో ఉంది.

1958లో డొనాల్డ్ బ్రాడ్‌బెంట్ అవధానాన్ని అక్కరలేని సమాచారాన్ని ఆపివేసే వడపోతగా వివరించాడు. ఘంటాగణనంలో చెవిని తాకే నాదం, పుష్పగణనంలో వీపును తాకే పువ్వు పద్యానికి అక్కరలేని సంవేదనలే. అయినా అవధాని వాటిని వడగట్టి వదిలివేయడానికి వీలులేదు, లెక్క చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి మాటను పెడచెవిన పెట్టకుండా చమత్కారంగా బదులీయాలి. అందువల్ల అవధానిని వివరించడానికి వడపోత సిద్ధాంతం ఒక్కటే చాలదు.

ఛందస్సు – ధారణ

నాలుగు ఉత్పలమాలల్లో 320 అక్షరాలు ఉంటాయి. శతావధానంలో నూరు పద్యాలకు 400 పాదాలు. తక్షణ స్మృతి పరిధి సుమారు ఏడు అంశాలని, విడి అంశాలను గుచ్ఛాలుగా కూర్చుకుంటే ఆ పరిధిలోనే ఎక్కువ సమాచారం ఇముడుతుందని 1956లో జార్జ్ మిల్లర్ ప్రతిపాదించాడు. తెలుగు పద్యంలో ఆ కూర్పును ఛందస్సు నిర్వహిస్తుంది. మొదటి పాదంతోనే ప్రాసాక్షరం స్థిరపడుతుంది. ఉత్పలమాలలో పదవ అక్షరం వద్ద యతి మరొక గుర్తు నిలుపుతుంది. పాదం చెదిరితే ఈ గుర్తులే దారి చూపుతాయి. కనుక ధారణను నిల్వ చేసినదానిని బయటికి తీయడంగా కాక, నియమాల ఆధారంగా పద్యాన్ని మళ్లీ నిర్మించడంగా గ్రహించాలి.

నిషిద్ధాక్షరి, వ్యస్తాక్షరి ఈ విషయంలో భిన్న ధ్రువాలు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా దారి మూస్తాడు. అవధాని ప్రతి అక్షరాన్నీ వెతికి తెచ్చుకోవాలి. చదివిన మాటకంటే తాను పుట్టించిన మాట బాగా గుర్తుంటుందని 1978లో స్లమెకా, గ్రాఫ్ ప్రయోగపూర్వకంగా చూపారు. ఆ దృష్టితో చూస్తే నిషేధమే ధారణకు తోడ్పడుతుందని ఊహించవచ్చు. వ్యస్తాక్షరిలో అక్షరాలు పరాయివి, వరుస తప్పి వస్తాయి. అక్కడ ఆధారం స్థానసంఖ్య మాత్రమే.

ఈ సౌలభ్యానికి మూల్యమూ ఉంది. గణాల్లో ఇట్టే ఒదిగే సంబోధనలు, రూఢ సమాసాలు, కవిసమయాలు ధారణకు అనుకూలం. అవధాన పద్యాల్లో అవి తరచుగా కనిపించడానికి ప్రతిభాలోపమే కారణమనడం తొందరపాటు. అది స్మృతి కోరే మూల్యం. ఆ ఒత్తిడిలోనూ రూఢిని దాటి కొత్త భావం పలికిన పద్యమే ఉత్తమ అవధాన కవిత్వం.

ఉపసంహారం

పూర్తయిన పద్యం ఒక్కటే అచ్చయినప్పుడు, దానిని మలిచిన నిషేధాలు, అంతరాయాలు పాఠకునికి అందవు. అప్పుడు అవధాన పద్యాన్ని తీరికగా రాసిన పద్యంతో సమానంగా తూచి తక్కువ చేయడం జరుగుతుంది. సంస్థాన ప్రాంతాల అవధాన సామగ్రిని సేకరించే పరిశోధకులు పద్యంతో పాటు పృచ్ఛకుల అక్షరాలను, ప్రశ్నల వరుసను, ధారణ జరిగిన క్రమాన్ని కూడా నమోదు చేయడం అవసరం. ఆ నమోదు ఉన్నప్పుడే విమర్శకు తగిన ప్రమాణం ఏర్పడుతుంది.