మీనాక్షి దగ్గర ఆగే నవ్వు

హాస్యానికి ఆయుష్షు తక్కువ. పదేళ్ల కిందటి సినిమా జోకే ఇవాళ చప్పగా ఉంటుంది. అలాంటిది మా విజయనగరంలో 1892లో తొలిసారి ఆడిన గురజాడ నాటకం కన్యాశుల్కానికి జనం ఇంకా నవ్వుతున్నారు. అయితే అన్నిచోట్లా నవ్వడం లేదు. ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ ఊరుకుంటున్నారో నాటకం చూసినప్పుడల్లా గమనిస్తుంటాను.

చెక్కుచెదరని చోటు ఒకటి చెబుతాను. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇల్లు. పరీక్ష తప్పిన వెంకటేశం, గొప్పలు చెప్పుకునే తన గురువు గిరీశాన్ని వెంటబెట్టుకుని సెలవులకి వచ్చాడు. కొడుకు నోట ఇంగ్లీషు వినాలని తల్లి వెంకమ్మకి ఒకటే ఆశ. గురుశిష్యులు మొదలెడతారు. ఒకరు చిన్నపిల్లల పద్యంలో ముక్క వదిలితే రెండోవారు వాచకంలో వాక్యం అందుకుంటారు. మాటకీ మాటకీ పొంతన లేదు. ముఖాల్లో మాత్రం ఏదో రాచకార్యం నడుపుతున్నంత గాంభీర్యం. నటులకి ఇక్కడే పరీక్ష. ఇద్దరిలో ఒక్కరు నవ్వు ఆపుకుంటున్నట్టు కనిపించినా దృశ్యం చెడుతుంది. వాళ్లెంత నిబ్బరంగా ఉంటే మనకి అంత నవ్వు. చుట్టాలొస్తే ఎల్‌కేజీ పాపని నిలబెట్టి రైమ్ చెప్పించని ఇల్లు ఇవాళ ఏ వీధిలో ఉంది? హాల్లో ముందు నవ్వేది అమ్మలే.

డబ్బు పుచ్చుకుని ఆడపిల్లకి పెళ్లి చేసే కన్యాశుల్కం ఆచారం సంగతి వేరు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లు 1,034 అని మహారాజా ఆనందగజపతి తీయించిన లెక్కని గురజాడ 1897 ముద్రణ పీఠికలో రాశారు. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది పిల్లలు ముగ్గురు! కట్నాల కాలంలో పుట్టిన కుర్రాళ్లకి ఇదంతా విడమరిచి చెప్పాలి. అయినా కరటక శాస్త్రి శిష్యుడికి ఆడవేషం కట్టి ముసలి లోభి లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురిగా అంటగడుతుంటే వాళ్లూ పకపకా నవ్వుతారు. ఆచారం పోయినా లోభం పోలేదు కదా.

మీనాక్షి వచ్చేసరికి హాలు సద్దుమణుగుతుంది. లుబ్ధావధాన్లు విధవ కూతురు, రామప్పంతులు మాట నమ్మి మోసపోయిన మనిషి. ఒకప్పుడు ఆమె ఏడుపుకి కూడా నవ్వేవారని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు ఎవరో ఒకరిద్దరు నవ్వబోయి మానేస్తారు. తిరిగి ఒక మాట అనే తెలివిని గానీ, అవకాశాన్ని గానీ ఆమెకి నాటకం పెద్దగా ఇవ్వలేదు. వేశ్య మధురవాణికి ఇచ్చింది. 1897లో అయిదంకాలున్న నాటకాన్ని గురజాడ 1909కల్లా ఏడంకాలు చేశారు. అందులో బాగా పెరిగింది మధురవాణే. చివరికి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికే వెళ్లి వాదిస్తుంది. తన నాటకానికి ఏం తక్కువైందో పన్నెండేళ్లలో కనిపెట్టి తిరగరాసిన రచయిత మీద నాకు అపారమైన గౌరవం.

పాత హాస్యంలో కొన్నిచోట్ల నవ్వు ఆగిపోయే ఈ చిక్కు ఇంగ్లీషువాళ్లకీ ఉంది. బీబీసీలో 1975లోనూ 1979లోనూ వచ్చిన హాస్య ధారావాహిక ఫాల్టీ టవర్స్ మొత్తం పన్నెండు భాగాలే. హోటల్ యజమాని బేసిల్ గొప్పవాళ్ల ముందు మెలికలు తిరుగుతుంటే ఇప్పటికీ కడుపుబ్బ నవ్వొస్తుంది. గిరీశం వంశమే. కానీ ఇంగ్లీషు సరిగా రాని స్పెయిన్ వెయిటర్ మాన్యుయెల్ నెత్తిన అతను మొట్టినప్పుడు నాకు నవ్వు రాదు. మన పిల్లలూ పరాయి దేశాల హోటళ్లలో పళ్లేలు మోస్తున్నారు. మేజర్ అనే ముసలాయన జాతిదూషణ ఉన్న భాగాన్ని 2020లో ఒక వేదిక కొన్నాళ్లు తీసేసి, హెచ్చరికతో మళ్లీ పెట్టింది. తిరిగి పెట్టడమే నయం అనుకుంటాను.

మీనాక్షి విషయంలోనూ నాది అదే మాట: తీసెయ్యకూడదు. శ్రీకాకుళం జిల్లా లుకలాం అన్నదమ్ములు జె.వి. రమణమూర్తి గిరీశంగా, ఆయన అన్న సోమయాజులు రామప్పంతులుగా ఈ నాటకాన్ని ఏళ్ల తరబడి ఊరూరా తిప్పారు. 1980లో శంకరాభరణం సినిమా చూసి సోమయాజుల్ని శంకరశాస్త్రిగా కొలిచినవారికి ఆయన రామప్పంతులంటే నమ్మబుద్ధి కాదు. ఆ పాత్రలో పటాటోపం ఎంత పండితే మీనాక్షికి జరిగిన అన్యాయం అంత బయటపడుతుంది. ఇప్పుడు కన్యాశుల్కాన్ని గంటన్నరకి కుదించేవాళ్లు ముందు కత్తెర వేసేది మీనాక్షికే. వెయ్యకండి. ఆమె మాటలు తొందరపడకుండా చెప్పించండి, పక్కన రామప్పంతులు చేత వెకిలి చేష్టలు చేయించకండి. నవ్వాలో వద్దో హాలు చూసుకుంటుంది.