అలసటే గొప్పతనమా?

"రెండు గంటలసేపు అలుపెరుగక నర్తించినది." ఇటువంటి వాక్యాన్ని మన నాట్యసమీక్షల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. నేనూ రాశాను. మా కళాశాలలో కూచిపూడి ఆడిన ఒక విద్యార్థినిని అలాగే మెచ్చుకున్నాను. మూడు వారాల తర్వాత ఆమె కుంటుతూ తరగతికి వచ్చింది. మోకాలికి దిగువ ఎముకలో సన్నని చీలిక! పోటీల కోసం నెలరోజులపాటు సిమెంటు నేలమీద రోజుకు ఐదేసి గంటలు సాధన చేసిందట. నొప్పి మొదలైనా గురువుగారితో చెప్పటానికి జంకింది. నా సమీక్షను మాత్రం కత్తిరించి పుస్తకంలో దాచుకున్నది.

1983లో వచ్చిన విశ్వనాథ్ చిత్రం 'సాగరసంగమం'లో విమర్శకుడే కథానాయకుడు. నర్తకి చేసిన తప్పేమిటో బాలు పత్రికా కార్యాలయంలో స్వయంగా ఆడి చూపిస్తాడు. విమర్శకు అంత గౌరవమిచ్చిన తెలుగు చిత్రం మరొకటి నేనెరుగను. కాని జబ్బుతో కృశించిపోతున్న మనిషి నాట్యం నేర్పటాన్ని అదే చిత్రం పరమోత్కృష్టంగా చూపిస్తుంది. దేహం కాలిపోతేనే కళ వెలుగుతుందనే ఈ భావం తపస్సు చేసేవారిది, పనిచేసేవారిది కాదు. మగ్గం విరగ్గొట్టుకున్నవాణ్ణి ఎవరూ గొప్ప నేతగాడనరు.

నర్తకికి దేహమే పనిముట్టు. అడుగు వేసిన ప్రతిసారీ ఆ దెబ్బ నేలనుంచి ఎముకకు తిరిగి వస్తుంది. ఎముక జీవమున్న పదార్థం. శ్రమకు అరిగి, విశ్రాంతిలో మళ్ళీ కట్టుకుంటుంది. అందుకు వ్యవధి ఇవ్వకుండా సాధన ఒక్కసారిగా పెంచితే చీలుతుంది. సన్నబడమని ఆడపిల్లల కడుపు మాడిస్తే నెలసరి ఆగిపోయి ఎముక బలహీనపడవచ్చు. అరమండిలో పాదాలు పక్కకు తిరగటం తుంటి కీలునుంచి రావాలి. తుంటి తిరగనిదే పాదాలను బలవంతాన తిప్పితే ఆ మెలిక మోకాలిమీద పడుతుంది. ముద్రలో తప్పు పట్టగలిగిన సమీక్షకుడికి ఇది కనపడకపోవటమేమిటి?

సాధన లేనిదే కళ ఎక్కడిదని మిత్రులంటారు. కాదనను. విశ్రాంతి కూడా సాధనలో భాగమేనంటున్నాను. కింద ఖాళీ వుంచి పరిచిన చెక్కనేల దెబ్బను కొంత తీసుకుంటుంది. అది కొనగలవారెందరు? మా వూళ్ళో పిల్లలు కల్యాణమండపం రాతిబండల మీదే నేర్చుకుంటున్నారు. ఎనిమిది గంటల పనిదినం కోసం జరిగిన పోరాటాలను తరగతిలో పాఠం చెప్పే మనమే, నాట్యశాలలో వారానికి ఒకరోజు సెలవడిగితే సోమరితనమంటున్నాం.

ఆ విద్యార్థినిని ఆరు వారాలు అడుగు వేయవద్దన్నారు వైద్యులు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని అభినయం సాధన చేస్తున్నది. మొన్న చూశాను. ఆ అభినయాన్ని గురించి రాయవలసింది చాలా వున్నది.