సామానే సాక్షి

సమాజం, పర్యావరణం మీద సామూహిక కళాప్రదర్శన అనగానే చాలామందికి ముందే ఒక బొమ్మ కళ్లముందు కదులుతుంది: ఎండిన చెట్టు, బీటలు వారిన నేల, పక్కనే ఓ నినాదం. ఆ అనుమానం అన్యాయమేమీ కాదు, అలాంటి ప్రదర్శనలు కొల్లలుగా వచ్చాయి. అయితే కేరళలోని కొచ్చిలో రెండేళ్లకోసారి అనే లెక్కన జరిపే కళాప్రదర్శన, 2012 డిసెంబరు 12న మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలేలో మేలైన పనులను వరసగా గమనిస్తే వేరే పద్ధతి ఒకటి కనిపిస్తుంది. అక్కడి కళాకారులు కష్టాన్ని బొమ్మ గీసి చూపించరు. ఆ కష్టం జరిగిన చోటి సామానును తెచ్చి నిలబెడతారు, లేదంటే చూడవచ్చినవాణ్ణే అందులోకి దింపుతారు. బినాలేకు ప్రధాన వేదికగా నిలిచిన ఆస్పిన్‌వాల్ హౌస్ కూడా ఈ పద్ధతికి సరిగ్గా అమరింది. అది మిరియాలు, కొబ్బరినూనె, కలప ఓడలకెక్కించిన వలసపాలన నాటి వ్యాపార సంస్థ ఆవరణ. నేల మీద పండింది ఎటు పోయిందో చెప్పడానికి ఆ గోదాములకు వేరే పరిచయం అక్కర్లేదు.

2016లో చిలీ కవి రౌల్ సురీతా అక్కడి ఒక గోదామును సముద్రపు నీటితో నింపాడు. చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడుచుకుని, దాదాపు మోకాలి లోతు నీళ్లలో నడిస్తేగానీ ఎదుటి గోడ మీది కవిత అందదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సిరియా పసివాడు అలాన్ కుర్దీ ఫోటోను 2015లో లోకమంతా చూసింది. అదే పడవ మునకలో పోయిన అతని అన్న గాలిబ్ గురించి తలచినవాళ్లు తక్కువ. ఈ పని ఆ గాలిబ్‌కు అంకితం. ఇందులో పిల్లవాడి బొమ్మ లేదు, పడవ లేదు. నీళ్లు, ఆ నీళ్లను దాటడానికి పట్టే సమయం, అంతే. ఫోటో ముందునుంచి ఎవరైనా క్షణంలో తప్పుకోవచ్చు. ఇక్కడ వెనక్కి రావాలన్నా మళ్లీ నీళ్లలోనే నడవాలి. చిలీలో పినోచెట్ జరిపిన సైనిక కుట్ర నాడు అరెస్టయిన కవికి, చూసి తప్పుకోవడం ఎంత తేలికో తెలిసే ఉంటుంది.

‘సామాను తెచ్చి పెట్టడంలో పనితనమేముంది, ఎవరైనా పెట్టగలరు కదా’ అన్నది అందరూ వేసే ప్రశ్న. 2018 ఆగస్టులో కేరళ వరదలు నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ డిసెంబరులోనే మొదలైన బినాలేకు బంగ్లాదేశ్ కళాకారిణి మార్జియా ఫర్హానా వరదకు పాడైన ఫ్రిజ్‌లు, ఇంటి సామాన్లు, పుస్తకాలు సేకరించి గదుల్లో గాల్లోకి వేలాడదీసింది. అదే సామాను గుట్టగా పోసి ఉంటే మున్సిపాలిటీ చెత్త లారీ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది. ఫ్రిజ్ అన్నది ఇంట్లో ఒకసారి పెడితే ఏళ్ల తరబడి కదపని వస్తువు. అది తలమీదుగా వేలాడుతుంటే, నిలకడ అనుకున్నదంతా నీళ్లు ఎలా ఎత్తుకుపోయాయో గదిలోకి అడుగుపెట్టినవాడి మెడకే ముందు తెలుస్తుంది. ఏది తేవాలి, ఎంత ఎత్తున కట్టాలి, కింద ఎంత ఖాళీ వదలాలి అన్న లెక్కలోనే పనితనం ఉంది. కుంచె పట్టినవాడూ చేసేది ఇలాంటి లెక్కే.

అలాగని గీత పనికిరాదనీ కాదు. మన ఆసిఫాబాద్ జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే చంద్రపూర్ బొగ్గు ప్రాంతంలో, గని కార్మికుల కుటుంబంలో పుట్టిన ప్రభాకర్ పాచ్‌పుతే అదే 2018 బినాలేలో, నాసిక్ నుంచి ముంబై దాకా సాగిన రైతుల పాదయాత్రను తలపించే బొమ్మలు గోడమీద బొగ్గుతో గీశాడు. గీసింది కట్టెబొగ్గుతోనే, గని బొగ్గుతో కాదు. అయినా ఆ నలుపు చేతికి అంటే నలుపే, అతని ఇంటివాళ్ల పనికి అది ఎంతో దూరం కాదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఒకరి శోకం ఇంకొకరికి సెల్ఫీ అవుతోందని. ఇది కొట్టిపారేసేది కాదు. నీళ్ల గదిలోనూ ఫోన్లు పైకి లేస్తాయి. గోడకంటించిన పేజీడు వివరణ చదివితే తప్ప అర్థంకాని పనులు ప్రతి బినాలేలోనూ కొన్ని ఉంటాయి, వాటిని సమర్థించడం అనవసరం. కానీ ఈ అభ్యంతరానికి జవాబు వెతికిన కళాకారులూ ఉన్నారు. సినిమా దర్శకుడు అమర్ కన్వర్ ‘ద సావరిన్ ఫారెస్ట్’ ఒడిశాలో గనులకూ, కర్మాగారాలకూ పోతున్న భూముల మీద ఏళ్ల తరబడి చేసిన పని. అందులో సినిమా ఉంది, చేత్తో చేసిన కాగితపు పుస్తకాలున్నాయి, రైతు నటబర సారంగి కాపాడిన దేశీ వరి విత్తనాలు రెండు వందల రకాలకు పైగా ఉన్నాయి. పోయిన పొలానికి ఫోటో రుజువా, పట్టా రుజువా, గుప్పెడు వడ్లు రుజువా అన్నది అది అడిగే ప్రశ్న. కోర్టు ఒప్పుకోని సాక్ష్యానికి ఇక్కడ చోటు దొరికింది. పైగా ఆయన దాన్ని జర్మనీలో, కొచ్చిలో చూపించి ఊరుకోలేదు. 2012 నుంచి భువనేశ్వర్‌లోనే చాలాకాలం తెరిచి ఉంచి, జనం తమ దగ్గరున్న ఆధారాలు తెచ్చి చేర్చవచ్చన్నాడు. ఆ వడ్లలో ఏది ఏ రకమో పేరుపెట్టి చెప్పగల మనిషి చూపరిగా లోపలికి వచ్చే వీలు, వచ్చి తప్పుంటే దిద్దే వీలు, కొచ్చిలో కన్నా అక్కడే ఎక్కువ.