కొత్త బౌలర్ ఎదురైతే చెయ్యి తిరిగిన బాట్స్‌మన్ ఎందుకు తడబడతాడు?

మీరు క్రికెట్ చూసేవారైతే ఈ దృశ్యం మీకు తెలిసిందే. నిన్నటిదాకా ఎవరూ పేరు వినని బౌలర్ ఒకడు బంతి అందుకుంటాడు. సెంచరీల మీద సెంచరీలు కొట్టిన వీరులు అతని ముందు ఒకరి వెనక ఒకరు పెవిలియన్ దారి పడతారు. మర్నాడు పత్రికలు ‘మాయాజాలం’ అనీ, ‘అంతుచిక్కని బౌలర్’ అనీ రాస్తాయి. ఏడాది తిరిగేసరికి అదే బౌలర్‌ను అదే బాట్స్‌మన్లు తడుముకోకుండా ఆడుతుంటారు. మరి ఆ మాయ ఎక్కడికి పోయింది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో కన్నా ముందు మా ఊళ్ళోనే ఎదురైంది. సూరత్ నుంచి హజీరా వెళ్ళే దారిలో ఉన్న ఇచ్ఛాపూర్‌లో నేనుంటాను. మా ఇంటి దగ్గరి ఖాళీ స్థలంలో ఆదివారం పొద్దున్నే పిల్లలు టెన్నిస్ బంతితో ఆడుతుంటారు. గుజరాతీ పిల్లలతో పాటు, మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలూ ఉంటారు. వారిలో పదమూడేళ్ళ కుర్రాడొకడు అందరి బంతుల్నీ చితక్కొట్టేవాడు. ఒక ఆదివారం వేరే పేట నుంచి బక్కపలచని అబ్బాయి ఒకడు వచ్చాడు. వేగం లేదు, కానీ చెయ్యి తిప్పే తీరు వింతగా ఉంది. మనవాడు వరసగా మూడుసార్లు బౌల్డయ్యాడు. గట్టు మీద కూర్చున్న వాళ్ళ నాన్న, ‘కండ్లు పెట్టి చూడురా బంతిని!’ అని కేకేశాడు.

ఆ తండ్రి మాటలోనే అసలు సమస్య ఉంది. కుర్రాడి కళ్ళలో లోపం లేదు.

ఒక పుస్తకం, ఒక వాదం

ఈ విషయం మీద సామాన్య పాఠకుల కోసం వచ్చిన పుస్తకాల్లో బాగా పేరు తెచ్చుకున్నది అమెరికా పత్రికారచయిత డేవిడ్ ఎప్‌స్టైన్ రాసిన ‘ది స్పోర్ట్స్ జీన్’. 2013లో వెలువడింది. మొదటి అధ్యాయం బేస్‌బాల్‌తో మొదలవుతుంది. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బంతి నేలను తాకకుండా నేరుగా బాట్ మీదికి వస్తుంది. దానికి చెల్లెలి వంటి ఆట సాఫ్ట్‌బాల్. అందులో బంతి పెద్దది, దూరం తక్కువ, చెయ్యి కింది నుంచి ఊపి విసరాలి.

2004లో ఒక ప్రదర్శన ఆటలో జెన్నీ ఫించ్ అనే సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి బేస్‌బాల్ దిగ్గజాలకు బంతులు విసిరింది. ఆల్బర్ట్ పుజోల్స్, మైక్ పియాజ్జా వంటివారు బాట్‌కు బంతి తగిలించలేక వెనుదిరిగారు. పుజోల్స్ సామాన్యుడు కాదు. 2022లో ఆట నుంచి తప్పుకునే నాటికి 703 హోమ్ రన్లు కొట్టినవాడు. ఫించ్ బంతి బేస్‌బాల్ కన్నా నెమ్మది. దూరం తక్కువ కాబట్టి బాట్‌ను చేరడానికి పట్టే సమయం మాత్రం దాదాపు సమానం. అంటే పుజోల్స్‌కు సమయం చాలకపోవడం అనే మాట లేదు. మరేం చాలలేదు?

చాలనిది పరిచయం అంటాడు ఎప్‌స్టైన్. పుజోల్స్‌ను 2006లో ఒక విశ్వవిద్యాలయంలో పరీక్షించారు. సంకేతం కనబడగానే చెయ్యి కదిపే వేగంలో, కళాశాల విద్యార్థులతో పోలిస్తే, అతను నూటికి 66 మంది కన్నా మాత్రమే ముందున్నాడు. వేల బంతులు ఎదుర్కొన్న అనుభవంతో, పిచర్ భుజం, మోచెయ్యి, మణికట్టు కదిలే తీరును బట్టి బంతి ఎటు వస్తుందో ముందే ఊహించడం అతని బలం. ఫించ్ విషయంలో ఆ అనుభవం ఎందుకూ కొరగాలేదు.

చదరంగం మీద 1973లో చేజ్, సైమన్ అనే శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగం ఈ వాదానికి బలమిస్తుంది. నిజమైన ఆటలోని బలగాల అమరికను అయిదు సెకన్లు చూపిస్తే మేటి ఆటగాడు చాలావరకు తిరిగి పేర్చగలడు. అవే బలగాలను ఇష్టం వచ్చినట్టు చల్లి చూపిస్తే అతని ఆధిక్యం దాదాపు మాయమవుతుంది. అతని జ్ఞాపకశక్తి మామూలుదే. తెలిసిన అమరికల్ని గుర్తుపట్టడంలోనే అతని గొప్ప ఉంది.

అర సెకనులో ఏం జరుగుతుంది?

ఇక క్రికెట్‌కు వద్దాం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వదిలిన బంతి బాట్స్‌మన్‌ను చేరడానికి సుమారు అర సెకను పడుతుంది. కంటికి కనబడిన మార్పుకు శరీరం స్పందించడానికి 0.2 సెకను కావాలి. 1987లో పీటర్ మెక్లియోడ్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త, పిచ్ మీద పరిచిన చాప కింద సన్నని కడ్డీలు పెట్టించి, బంతి నేలను తాకాక ఎటు మళ్ళుతుందో ముందుగా తెలియకుండా చేశాడు. అంతర్జాతీయ బాట్స్‌మన్లు కూడా బంతి మళ్ళాక 0.2 సెకను లోపల తమ షాట్‌ను మార్చుకోలేకపోయారు. ఈ విషయంలో వాళ్ళూ మనలాంటివాళ్ళే!

2000లో మైకేల్ లాండ్‌తో కలిసి మెక్లియోడ్ మరో ప్రయోగం చేశాడు. బాట్స్‌మన్ల తలకు కెమెరా కట్టి కంటి కదలికల్ని నమోదు చేశారు. ఆటగాళ్ళు బంతిని చివరిదాకా కళ్ళతో వెంబడించడం లేదు. బంతి వెలువడిన క్షణం దాన్ని చూసి, అది నేలను ఎక్కడ తాకుతుందో ఆ చోటికి చూపును ముందుగానే దూకించి అక్కడ కాచుకుని ఉంటారు. ఎంత మంచి ఆటగాడైతే అంత త్వరగా ఆ దూకుడు. ‘బంతి మీంచి కన్ను తీయకు’ అన్న సలహాను ఉత్తమ బాట్స్‌మన్లే పాటించడం లేదన్నమాట!

ఈ ముందస్తు ఊహ అంటే ఏమిటో మీకు తెలుగులోనే చెబుతాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘అమ్మ లేవగానే పొయ్యి మీద పాలు...’ అనేసరికి ‘పెట్టింది’ అనే మాట మీ మనసులో పలికేసి ఉంటుంది. నేను అనువాదకుణ్ణి. కొత్త రచయిత పుస్తకం చేపడితే మొదటి పేజీలు ఎంతకీ సాగవు. యాభై పేజీలు దాటాక అతని వాక్యం ఎటు మళ్ళుతుందో చదవకముందే స్ఫురిస్తుంది. నా కంటిచూపు మెరుగుపడలేదు, అతనితో పరిచయం పెరిగిందంతే. బాట్స్‌మన్ బౌలర్ చేతిని చదవడం కూడా ఇటువంటిదే.

ఎక్కడ ఆగి ప్రశ్నించాలి?

ఇంతవరకు ఎప్‌స్టైన్ చెప్పింది ఒప్పుకోదగినదే. అయితే ఆ అధ్యాయం చదివి ముగ్ధులైపోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది. ఫించ్ పుజోల్స్‌కు కొత్త మనిషే కాదు, ఆమె విసిరే ఆటే వేరు. బంతి నడుము కింది నుంచి బయలుదేరుతుంది. దాని దారి వేరు, తిరుగుడు వేరు. ‘కొత్త’, ‘వేరు’ అనేవి రెండు విషయాలు. వాటిని విడదీయకపోతే కారణం ఏమిటో తేలదు. ఒక ప్రదర్శన ఆటలోని కొద్ది బంతులు కథకు చాలునేమో గాని, నిరూపణకు చాలవు.

రెండవది. కొత్త బౌలర్లు చెలరేగిన సందర్భాలే మనకు గుర్తుంటాయి. 2009 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా బ్రైస్ మెక్‌గెయిన్ అనే లెగ్ స్పిన్నర్‌ను దింపింది. దక్షిణాఫ్రికా వారికి అతను కొత్త. 18 ఓవర్లలో 149 పరుగులిచ్చాడు, ఒక్క వికెట్టూ రాలేదు. అదే అతని మొదటి టెస్టు, చివరి టెస్టు కూడా. కొత్తదనమే వికెట్లు తెచ్చిపెడితే ఇలా జరగకూడదు. ముఖం కొత్తదైనా అతని బౌలింగ్ తీరు పాతదే. కాబట్టి బాట్స్‌మన్‌ను దెబ్బతీసేది తెలియని పేరు కాదు. చేతి కదలికకూ బంతి నడకకూ మధ్య తాను నేర్చుకున్న లంకె తెగిపోవడం.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఆ లంకె తెగినా మళ్ళీ కలుస్తుంది. ఎంత త్వరగా కలుస్తుందన్న ప్రశ్న జోలికి ఆ అధ్యాయం పోదు. బేస్‌బాల్‌లో తొమ్మిదిమంది బాటర్లు వరసగా వచ్చి, మళ్ళీ మొదటివాడితో ఆట కొనసాగుతుంది. ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనేసరికి బాటర్లు మొదటిసారి కన్నా బాగా ఆడుతున్నారని టాంగో, లిచ్‌మన్, డాల్ఫిన్ అనే ముగ్గురు 2006లో ‘ది బుక్’ అనే గ్రంథంలో లెక్కలు కట్టి చూపారు. ఇది పరిచయం వల్లా, పిచర్ అలసట వల్లా? 2023లో ప్రచురితమైన ఒక గణాంక పరిశీలన, మూడో వరస దగ్గర ఒక్కసారిగా వచ్చే మెట్టు లాంటి తేడా పెద్దగా కనిపించడం లేదనీ, పిచర్ పట్టు క్రమంగా సడలుతున్నట్టుందనీ తేల్చింది. పరిచయం పాత్ర లేదని దీని అర్థం కాదు. అలసట వాటా ఎంతో, పరిచయం వాటా ఎంతో జాగ్రత్తగా తూచాలని అర్థం.

మన మైదానాల సాక్ష్యం

1988 జనవరిలో మద్రాసు చేపాక్ మైదానంలో నరేంద్ర హిర్వాణీ తన మొదటి టెస్టులో వెస్టిండీస్ మీద 61 పరుగులకు 8, 75 పరుగులకు 8, మొత్తం 16 వికెట్లు పడగొట్టాడు. అప్పట్లో కరీబియన్ దీవుల్లో వేగమే రాజ్యమేలేది. అక్కడి బాట్స్‌మన్లకు లెగ్ స్పిన్ అలవాటు తక్కువ. ఆ మ్యాచ్‌లో బరోడా వికెట్ కీపర్ కిరణ్ మోరే రెండో ఇన్నింగ్స్‌లోనే అయిదు స్టంపింగులు చేశాడు. స్టంపింగ్ అంటే ఏమిటో ఆలోచించండి. బంతి ఇక్కడ పడుతుందనుకుని బాట్స్‌మన్ ముందుకు వెళ్ళాడు, బంతి మరోలా వచ్చింది. ఊహ తప్పిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అయితే ఆ పిచ్ కూడా స్పిన్‌కు బాగా అనుకూలించిందన్న సంగతి మరచిపోకూడదు. హిర్వాణీ మొదటి 4 టెస్టుల్లో 36 వికెట్లు తీశాడు. మిగిలిన 13 టెస్టుల్లో 30 మాత్రమే.

ఇరవై ఏళ్ళ తరువాత దెబ్బ మనవాళ్ళకు తగిలింది. 2008 జులైలో కరాచీలో ఆసియా కప్ ఫైనల్. శ్రీలంకకు చెందిన అజంతా మెండిస్ 13 పరుగులకు 6 వికెట్లు తీశాడు. మధ్యవేలితో, కారమ్స్ స్ట్రైకర్‌ను మీటినట్టు బంతిని మీటి వదిలేవాడు. వెంటనే జరిగిన మూడు టెస్టుల సిరీస్‌లో 26 వికెట్లు. స్పిన్ ఆడడంలో తిరుగులేదనుకున్న మన హైదరాబాద్ లక్ష్మణ్ కూడా పలుమార్లు అతనికే చిక్కాడు. ఇదే లక్ష్మణ్ 2001లో కలకత్తాలో షేన్ వార్న్ ఉన్న జట్టు మీద 281 పరుగులు చేసినవాడు! ఏడేళ్ళలో కళ్ళు మసకబారాయా? లేదు. ఎదురుగా ఉన్న చెయ్యి, తాను ఎన్నడూ చదవని లిపిలో రాస్తోంది. మెండిస్ ఆ తరువాత ఆడిన 16 టెస్టుల్లో 44 వికెట్లు వచ్చాయి. గాయాలూ, పిచ్‌లూ ఇందుకు కొంత కారణం. అనూహ్యమైన ఆరంభం తరువాత సగటు వైపు దిగిరావడం కూడా సహజమే. కాని లిపి పాతబడడం కూడా ఒక కారణమని ఒప్పుకోక తప్పదు.

పరిచయాన్ని ముందుగానే సంపాదించుకోవచ్చు కూడా. 1998లో వార్న్ భారత్‌కు వచ్చే ముందు సచిన్ టెండుల్కర్ మద్రాసులో లక్ష్మణ్ శివరామకృష్ణన్ చేత లెగ్ స్టంప్ బయటి గరుకు నేల మీద బంతులు వేయించుకుని సాధన చేశాడు. తొలి టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో వార్న్ చేతిలోనే 4 పరుగులకు అవుటయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో 155 పరుగులతో అజేయంగా నిలిచాడు. మొదటి ఇన్నింగ్స్ చూసి లేచి వెళ్ళిపోయినవారు ఏమనుకుని ఉంటారు?

ఆరు బంతుల తీర్పు

ఇక మా ఇచ్ఛాపూర్ కుర్రాడి సంగతి. మూడు ఆదివారాలు గడిచేసరికి ఆ వింత బౌలర్‌ను వాడు శుభ్రంగా ఆడసాగాడు. బంతి ఎటు తిరుగుతుందో ఎలా కనిపెట్టావని అడిగితే, ‘ఏమో అంకుల్, తెలిసిపోతున్నది’ అన్నాడు. ఆ తరువాత వాణ్ణి ఒక శిక్షణ శిబిరం ఎంపికకు తీసుకెళ్ళారు. అక్కడ తోలు బంతి, అపరిచితుడైన బౌలర్, ఆరే ఆరు బంతులు. రెండు తగల్లేదు, ఒకటి స్టంపులకు తగిలింది. ‘ప్రతిభ చాలదు’ అని పంపేశారు. వాడు మూడు వారాలు ఆ మైదానం వైపు రాలేదు.

పుస్తకం చేయని పని ఇక్కడ మనం చేయాలి. మొదటి ఎదురుపడటంలో కనిపించేది ప్రతిభ కాదు, అప్పటిదాకా పిల్లవాడికి దొరికిన అనుభవం. పట్నంలో పచ్చిక మైదానంలో పదిరకాల బౌలర్లను ఆడిన పిల్లవాడూ, మరమగ్గాల వాడలో టెన్నిస్ బంతి తప్ప ఎరుగని పిల్లవాడూ ఆ ఆరు బంతుల దగ్గర సమానులు కారు. పరీక్షించవలసింది మొదటి ఆరు బంతుల్ని కాదు. అదే బౌలర్‌ను ఆరవ రోజున వాడు ఎలా ఆడుతున్నాడు, మొదటి రోజుకూ ఆరవ రోజుకూ ఎంత నేర్చుకున్నాడు అన్నదాన్ని. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. కొంచెం ఓపిక, ఒక నోటు పుస్తకం చాలు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో క్రికెట్ ఆడే పిల్లలుంటే రకరకాల బౌలర్లను ఎదుర్కొననివ్వండి. ఎడమచేతివాటం వాళ్ళు, స్పిన్నర్లు, వింతగా చెయ్యి తిప్పేవాళ్ళు ఎవరొచ్చినా వద్దనకండి. మొదటి రోజు బౌల్డయితే కేకలేయకండి. వాడి మెదడు అప్పుడే ఒక కొత్త చేతిని చదవడం మొదలుపెట్టింది. ఇంకో నాలుగు ఆదివారాలు ఇచ్చి చూడండి.