పట్టు దొరికింది, పని తెలియలేదు

1980లో బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు బీ1 అనే మోనోక్లోనల్ యాంటీబాడీ గురించి ప్రకటించారు. రక్తంలో అది బి కణాలనే వెతికి పట్టుకునేది. పట్టుబడుతున్నదాని జన్యువు మాత్రం 1988లో గానీ చేతికి రాలేదు. ఇప్పుడు ఆ ప్రోటీన్‌నే సీడీ20 అంటున్నారు.

297 అమైనో ఆమ్లాల గొలుసు అది. కణం పొరలోంచి నాలుగుసార్లు దూరి, కొసలు రెండూ లోపలే దాచుకుంటుంది. బయటికి కనిపించేవి రెండు చిన్న మెలికలే. దానితో సహజంగా జతకట్టే అణువేదో నేటికీ తేలలేదు.

బయటికి కనిపించేది అంత తక్కువ కాబట్టే, ల్యాబ్‌లో యాంటీబాడీ పేరు కన్నా అది ఎక్కడ పట్టుకుంటుందన్నదే ముఖ్యం. 1997లో అమెరికాలో అనుమతి పొందిన మందు రిటుక్సిమాబ్ (2007లో హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన రెడిటక్స్ కూడా ఇదే తరహా) బయటి పెద్ద మెలికను పట్టుకుంటుంది. పాథాలజీ ల్యాబ్‌లు వాడే ఎల్26 అనే యాంటీబాడీ లోపలి భాగాన్ని పట్టుకుంటుంది. గాజు పలక మీది కణజాలానికి అది భేషుగ్గా పనికొస్తుంది, బతికున్న కణానికి పనికిరాదు. రిటుక్సిమాబ్ ఎక్కించిన రోగి రక్తాన్ని ఫ్లో సైటోమీటర్‌లో పెడితే ఒక్కోసారి సీడీ20 లేనట్టే కనిపిస్తుంది. ఉంటుంది నిజానికి, ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు మందు ముందే చోటు పట్టేసిందంతే.

ప్రోటీన్లను జెల్‌లో పరిమాణం ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో చిక్కు వేరు. ఇలాంటి పొర ప్రోటీన్‌ను మామూలు నమూనాలా మరిగిస్తే ముద్దకట్టి జెల్ పైనే ఇరుక్కుపోవచ్చు. 37 డిగ్రీల గోరువెచ్చదనంతో సరిపెట్టడం చేయి తిరిగినవాళ్ల పద్ధతి. పట్టీ 33 నుంచి 37 కిలోడాల్టన్ల మధ్య కనబడాలి. కనబడినా అప్పుడే సంబరం వద్దు. క్రిస్పర్‌తో సీడీ20 జన్యువును తీసేసిన కణాల్లోనూ అదే పట్టీ వస్తే, యాంటీబాడీ మరింకేదో పట్టుకున్నట్టే. కేటలాగ్‌లో బొమ్మ అందంగా ఉందని ఈ పరీక్ష ఎగ్గొట్టేవాళ్ల మీద ఈ కాలమ్‌కు జాలి లేదు.

మరి సీడీ20 చేసే పనేమిటి? పుట్టుకతో అది లేని ఒక రోగి గురించి 2010లో వెలువడిన వ్యాసం కొంత చెప్పింది: బి కణాలున్నాయి, కానీ యాంటీబాడీల ఉత్పత్తి బలహీనం. సీడీ20 కాల్షియం అయాన్లకు దారి అన్న ఊహ చాలాకాలం నడిచింది.

2020లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద దాని రూపం బయటపడింది. ఒంటరిగా చూడటానికి మరీ చిన్నదైన ఆ ప్రోటీన్‌కు రిటుక్సిమాబ్ ముక్కలే ఊతమయ్యాయి. నాలుగు అణువుల గుంపు ఉంటుందనుకున్నచోట సీడీ20 జంటగా కనిపించింది. అయాన్లు దాటే రంధ్రం జాడ లేదు.